పికప్ బండి కమానులు: స్వయముగ చేసికొనదగిన పనులు, చేయరాని మార్పులు

ఒకప్పుడు ఎడ్లబండి మోసిన ధాన్యమును, ఎరువును, కూరగాయలను నేడు పెక్కు గ్రామములలో పికప్ బండి మోయుచున్నది. అట్టి బండిని కొన్న రైతు మొదటి పంటకాలము ముగియకమున్నే తఱచుగ వినుమాట యొకటి కలదు. వెనుక కమానునకు ఇంకొక పట్టీ వేయించినచో మఱి పది బస్తాలు మోయుననునదియే ఆ మాట. ఇది చౌక పని. ఒక పూటలో ముగియును. బండి వెనుకభాగము ఎత్తుగ నిలిచి చూపునకు బలముగ కానవచ్చును. ఈ సలహాలో కొంత నిజము లేకపోలేదు. కాని దాని వెంట వచ్చు అపాయము పైకి కనబడునది కాదు. ఏది నిజమో, ఏది అపాయమో, రైతు తన చేతితో చేసికొనదగిన పని యేదియో వివరించుట యీ వ్యాసమునకు ఉద్దేశము.

కమాననగా విల్లు. పేరునకు తగినట్లే అది వంచిన ఉక్కుపట్టీల కట్ట. పొడవైన పట్టీ పైనను, క్రమముగ పొట్టివగు పట్టీలు క్రిందను పేర్చి, నడుమ సెంటరు బోల్టుతో గ్రుచ్చి, యూ బోల్టులతో ఇరుసునకు బిగింతురు. పొడవు పట్టీ కొనలు చుట్టగ మలచబడి యుండును. ముందుకొన ఫ్రేమునకు నేరుగ పిన్నుతో తగిలియుండును. వెనుకకొన షాకిల్ అను ఊగెడి బద్దకు తగిలియుండును. బరువు పడినప్పుడు కమాను చదునై పొడవు సాగును గనుక వెనుకకొన కదలుటకు ఆ షాకిల్ అవసరము. మన ఎడ్లబండికి కమాను లేదు. జట్కాబండికి కలదు. ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ అను బండ్ల పనివాడు 1804లో బండికి ఇట్టి ఉక్కు కమానులను అమర్చు విధమునకు హక్కుపత్రము పొందెను. మోటారుబండి పుట్టకమున్నే గుఱ్ఱపుబండ్లలో ఆరితేరిన సాధనమిది. రెండు శతాబ్దములు గడచినను బరువుబండ్లలో దీనిని తొలగించు సాధనము పూర్తిగ రాలేదు. ఏలనన ఇది బరువును మోయుటయే గాక ఇరుసును తన స్థానమున నిలిపియుంచును. పట్టీలు ఒకదానిపై నొకటి ఒరయుట వలన ఊపును కొంత అణచును. కొన్ని పికప్ బండ్లకు ముందు చక్రముల కడ చుట్ట స్ప్రింగులుండును. బరువంతయు వెనుకనే పడును గనుక వెనుక కమానును గూర్చియే ఇచట ముచ్చటింతము.

కమాను బిగువు మూడు విషయములపై ముఖ్యముగ ఆధారపడును. అవి పట్టీల సంఖ్య, పట్టీ మందము, పట్టీ పొడవు. సంఖ్య పెరిగిన కొలది బిగువు అదే పాలున పెరుగును. మందము సంగతి అట్లు కాదు. మందమును మూడుసారులు దానితోనే గుణించినంతగ బిగువు పెరుగును. అనగా 7 మిల్లీమీటర్ల పట్టీకంటె 8 మిల్లీమీటర్ల పట్టీ సుమారు ఒకటిన్నర రెట్లు బిగువుగ నుండును. 10 మిల్లీమీటర్ల పట్టీ దాదాపు మూడు రెట్లు బిగువుగ నుండును. ఒకే పొడవుగల 7 మిల్లీమీటర్ల పట్టీలు ఏడు కల కట్టకు 10 మిల్లీమీటర్ల పట్టీ యొకటి చేర్చితిమనుకొందము. కట్ట బిగువు నూటికి నలుబదివంతులకు పైగ హెచ్చును. ఒక్క పట్టీతో ఇంత మార్పు వచ్చుటచేతనే బండి నిజముగ బలపడినదని తోచును.

ఇచటనే మొదటి చిక్కు కలదు. చాలచోట్ల వేయునది క్రొత్త పట్టీ కాదు. పాత లారీ కమానునుండి విప్పి, పొడవు తగ్గించి, కాల్చి వంపు సరిచేసినది. కట్టలోని పట్టీలన్నియు ఒకేతీరున వంగవలసినప్పుడు మందపు పట్టీలో లోపలి ఒత్తిడి ఎక్కువగ పుట్టును. 7 మిల్లీమీటర్ల పట్టీలో ఎంత ఒత్తిడి కలదో 10 మిల్లీమీటర్ల దానిలో అంతకంటె నూటికి నలుబదివంతులకు పైగ అధికముగ నుండును. కావున బలముకొఱకు చేర్చిన పట్టీయే మొదట విఱుగుట వింత కాదు. అదియునుగాక కమాను ఉక్కునకు దాని గుణము ఊఱక రాలేదు. కార్ఖానాలో దానిని ఎఱ్ఱగ కాల్చి, నూనెలో ముంచి చల్లార్చి, మఱల తగినంత వేడిచేసి పదును పెట్టుదురు. కొలిమిలో గ్యాసుమంటతో కాల్చి వంచినప్పుడు ఆ పదును పోవును. వెల్డింగు చేసినను అంతే. విఱిగిన పట్టీని అతికించి పనికి పెట్టుట కొడవలి పదునును మంటలో పోగొట్టి కోతకు దిగుటవంటిది. కొడవలి తెగకున్నచో పని నిలుచును. పట్టీ తెగినచో ఇరుసు ప్రక్కకు జరిగి బండి దారి తప్పును.

రెండవ చిక్కు ఇంతకంటె పెద్దది. కమాను బరువును భరింపదు, ఇరుసునకు అందించును. ఇరుసు చక్రముల బేరింగులకు, బేరింగులు చక్రమునకు, చక్రము టైరునకు అందించును. పట్టీ చేర్చినప్పుడు వీనిలో నొక్కటియు మాఱలేదు. ఇరుసు సన్నముగ నుండగ నొగలు లావు చేసిన ఎడ్లబండి ఎక్కువ మోయునా? ఫ్రేము మాఱలేదు, టైరు మాఱలేదు, బ్రేకు మాఱలేదు. మాఱినదెల్ల బండి ఎంత క్రుంగునో అది మాత్రమే. పూర్వము అధికబరువు వేసినచో బండి క్రుంగి, బరువు మించినదని యజమానికి తెలియుచుండెను. ఇప్పుడా సూచనయు పోయినది.

బండి ఎంత మోయదగునో తెలిసికొనుటకు మెకానిక్కును అడుగనక్కఱలేదు. రిజిస్ట్రేషను పత్రములో రెండు అంకెలుండును: మొత్తము బరువు, ఖాళీ బరువు. ఈ రెంటి వ్యత్యాసమే మోయదగిన బరువని పలువురు తలతురు. అది పూర్తిగ సరి కాదు. చట్టము చెప్పు ఖాళీ బరువులో డ్రైవరు, తోడుమనిషి చేరియుండరు. ఉదాహరణకు మొత్తము బరువు 3,000 కిలోలు, ఖాళీ బరువు 1,700 కిలోలు అనుకొందము. వ్యత్యాసము 1,300. ఇద్దఱు మనుష్యులకు 140 తీసివేసినచో 1,160. 75 కిలోల ధాన్యపు బస్తాలైనచో 15 మాత్రమే. 45 కిలోల యూరియా బస్తాలైనచో 25. బండి కొన్నతరువాత చుట్టును ఇనుపకమ్ముల చట్రము, పైన మోకులకొఱకు పట్టాలు పెట్టించినవారు ఆ ఇనుము బరువును గూడ తీసివేయవలయును. ఒకసారి ఖాళీబండిని కాటాపై నిలిపి తూచి, ఆ చీటిని పత్రములతో భద్రపఱచిన మేలు. తడిసిన ధాన్యము, పచ్చిమిరప, టమాటా పెట్టెలు కంటి అంచనాకు చిక్కవు.

మూడవ విషయము బ్రేకు. దీనిని పెక్కుమంది ఎఱుగరు. మెకానిక్కులలోను కొందఱు పట్టించుకొనరు. అనేక పికప్ బండ్లలో వెనుక ఇరుసునకును ఫ్రేమునకును నడుమ సన్నని కడ్డీతో కూడిన వాల్వు ఒకటి యుండును. బండిలో బరువెంత కలదో కనిపెట్టుట దాని పని. దానికి కాటా లేదు. ఫ్రేము ఇరుసునకు ఎంత దగ్గఱకు దిగినదో ఆ కడ్డీ చూచును. దిగినకొలది బరువు ఎక్కువయని గ్రహించి వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపును. ఖాళీగ నున్నప్పుడు వెనుక చక్రములు బిగుసుకొని జాఱకుండ ఒత్తిడి తగ్గించును. అదనపు పట్టీ వేసినచో ఏమగును? బండినిండ బస్తాలున్నను వెనుకభాగము ఎత్తుగనే నిలుచును. బండి ఖాళీగ నున్నదని వాల్వు భ్రమపడును. వెనుక బ్రేకులకు పోవలసిన ఒత్తిడి పోదు. బ్రేకుభారమంతయు ముందు చక్రములపై పడి అవి కాగిపోవును. బండి నిలుచుటకు కావలసిన దూరము పెరుగును. బరువు ఎక్కువైన బండికే బ్రేకు తక్కువయ్యెనన్నమాట. ఘాట్‌రోడ్డు దిగునప్పుడు ఈ సంగతి బయటపడును.

దీనికి విపర్యయము గూడ కలదు. పట్టీలు అలసి క్రుంగిపోయిన పాతబండిలో ఖాళీగ నున్నను బరువున్నదని వాల్వు తలచును. వానలో ఖాళీబండి తోక ప్రక్కకు జాఱుటకు ఇదియొక కారణము. కావున కమానును తీసి క్రొత్తది వేసిన ప్రతిసారి ఆ కడ్డీని బండి పుస్తకములోని కొలతకు సరిచేయించవలయును. ఇది కొలతపరికరములున్న వర్కుషాపులో చేయించదగిన పని. కడ్డీని తీగతో కట్టివేయుట, పీకివేయుట యెంతమాత్రము తగదు.

పట్టీ చేర్చినవారు తిరుగుప్రయాణమును గూర్చి తఱచు మఱతురు. మార్కెటుకు పోవునప్పుడు బరువుండును. వచ్చునప్పుడు బండి ఖాళీ. బరువునకు కమాను 10 సెంటీమీటర్లు దిగియున్నచో బండి సహజమైన ఊపు నిమిషమునకు సుమారు 95. రెండున్నర సెంటీమీటర్లే దిగినచో సుమారు 190. ఖాళీగ వచ్చు బిగువుబండి ఇట్లు గతుకు గతుకునకు ఎగిరిపడును. చక్రము నేలవిడిచినంతసేపు దానికి బ్రేకు లేదు. సరుకుతో పోవునప్పుడు గూడ మేలేమియు లేదు. టమాటా, మామిడి, బొప్పాయివంటి మెత్తని సరుకు బిగువైన కమానుపై అదరి కమిలిపోవును. వెనుక ఇరుసుపైనను దానికి వెనుకను పెట్టిన పెట్టెలు, అందును పైవరుస పెట్టెలు, అందఱికంటె ఎక్కువ అదురును. మదనపల్లె మార్కెటులో పెట్టె ధర కాయ నదురును బట్టి కదా! పది పెట్టెలు అదనముగ పోయి, వెనుకవరుసలు కమిలి ధర తగ్గినచో మిగిలినదేమో ఎవరికివారు లెక్క వేసికొనవచ్చును.

చట్టమును గూర్చి కొలదిగ చెప్పెదము. 1988 నాటి మోటారుబండ్ల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రమున చూపిన వివరములకు భిన్నముగ బండిని మార్చరాదు. ఈ సెక్షనును సుప్రీముకోర్టు 2019 జనవరిలో ఖండితముగ సమర్థించెను. 2019లో చేసిన సవరణచే అనుమతిలేని ప్రతి మార్పునకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరునెలలవరకు కైదు గాని, రెండును గాని విధింపవచ్చును. బరువు మించినందుకు 20,000 రూపాయలును, మించిన ప్రతి టన్నునకు 2,000 రూపాయలును వేఱుగ చెప్పబడినవి. అక్కడికక్కడ చెల్లించు రుసుములను రాష్ట్రప్రభుత్వములు వేఱుగ నిర్ణయింపవచ్చును గనుక మీ జిల్లా రవాణా కార్యాలయమున విచారించుడు. ప్రమాదము జరిగినప్పుడు ఇన్సూరెన్సు వివాదమునకు ఈ మార్పు తావిచ్చును. అది జరిమానాకంటె బరువైనది.

ఇక రైతు తన చేతితో చేయదగినవి. ఇవి పట్టీ చేర్చుటవలె ఆకర్షణీయములు కావు. కాని బండి ఆయుర్దాయము వీనిపైననే కలదు. క్రుంగిన కమానులలో పలువాటికి కొఱత పట్టీ కాదు, పాలనయే.

మొదట కొలత. బండి క్రొత్తగ నున్నప్పుడో, కమాను సరియైన స్థితిలో నున్నప్పుడో, సమమైన నేలపై ఖాళీగ నిలిపి టైర్లలో గాలి సరిచేసి, వెనుకచక్రము నడిమినుండి దానికి సూటిగ పైనున్న తొట్టి అంచువరకు టేపుతో కొలువవలయును. కుడిఎడమలు రెండును వ్రాసికొనవలయును. ఆరునెలల కొకసారి అట్లే కొలిచి చూచినచో కమాను అలసినదీ లేనిదీ చెప్పుటకు ఎవరి సాక్ష్యమును అక్కఱలేదు. ఒకవైపు మాత్రమే దిగినచో ఆవైపు పట్టీ విఱిగియైన నుండవలె, బరువు ఎప్పుడును ఆవైపే వేయుచుండియైన నుండవలె.

తరువాత కడుగుట. పొలముగట్టున తిరుగు బండి కమానుల నడుమ బంకమన్ను చేరి ఆరి పట్టీలను తినివేయును. నీటితో కడిగి ఆరనిచ్చి వెలుతురులో పరీక్షింపవలయును. పగులు సాధారణముగ సెంటరు బోల్టు రంధ్రమునొద్దను, పై పట్టీకి క్రింది పట్టీ కొన ఒత్తుచోటను పుట్టును. తుప్పు రంగు సన్నని గీతవలె అడ్డముగ కానవచ్చినచో అది పగులని అనుమానింపవలయును. పట్టీకిని ఇరుసు దిమ్మకును నడుమ లోహము మెఱయుచున్నచో యూ బోల్టులు వదులై కదలాడుచున్నవని గుఱుతు. కడిగిన పిమ్మట పట్టీలపై వాడిన ఇంజను ఆయిలు పోయు అలవాటు కొందఱికి కలదు. అది రబ్బరు బుష్షులను ఉబ్బించి చెఱచును, దుమ్మును పట్టియుంచును, బ్రేకుడ్రమ్ములోనికి కాఱినచో చెప్పనక్కఱలేదు.

యూ బోల్టులను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలయును. సెంటరు బోల్టు తెగినదని తెచ్చి క్రొత్తది వేయించువారు పలువురు. అది యేల తెగెనని అడుగువారు తక్కువ. సెంటరు బోల్టు పట్టీలను వరుస తప్పకుండ నిలుపుటకే యున్నది. బండి లాగు బలమును, బ్రేకుతాకిడిని ఓర్చునది యూ బోల్టుల బిగువు. అవి వదులైనప్పుడు ఆ తాకిడి యంతయు సన్నని సెంటరు బోల్టుపై పడి అది తెగును. తెగినపిదప ఇరుసు ఒకవైపు వెనుకకు జరుగును, బండి ఓరగ నడచును, టైరు ఒకే అంచున అరుగును. బిగించునప్పుడు బండి పుస్తకములో చెప్పిన బిగువును టార్కు రెంచితో చూచుకొని, నాలుగు నట్లను కొంచెము కొంచెముగ ఎదురెదురుగ మార్చుచు బిగింపవలయును. గొట్టము తొడిగి ఇద్దఱు వ్రేలాడి బిగించుట బోల్టును సాగదీయుటయే. కమాను మార్చినప్పుడు పాత యూ బోల్టులను మఱల వాడరాదు.

గ్రీజు నిప్పిలు గల షాకిల్ పిన్నులకు, పాతగ్రీజు బయటికి వచ్చువఱకు క్రొత్త గ్రీజు పెట్టవలయును. నిప్పిలు లేక రబ్బరు బుష్షులే యున్నచోట గ్రీజు పెట్టరాదు. రబ్బరు బుష్షులను మార్చినప్పుడు పిన్నుల నట్లను బండి గాలిలో నుండగ గట్టిగ బిగింపక, చక్రములు నేలనానిన తరువాత బిగింపవలయును. లేనిచో రబ్బరు ఎల్లప్పుడును మెలిపడి త్వరగ చినుగును.

షాక్ అబ్జార్బరు బరువు మోయునది కాదు. కమాను ఊపును అణచుటయే దాని పని. దానిపై నూనె కాఱిన జాడ యున్నచో, ఒక గతుకు దాటిన పిమ్మట బండి రెండుమూడు మాఱులు ఊగుచున్నచో అది అలసినది. రెండువైపులను కలిపి మార్చవలయును. బండి ఎగురుచున్నదని పట్టీ చేర్చినవారిలో పలువురకు కావలసినది ఈ మార్పే. టైరుగాలిని చల్లగ నున్నప్పుడు, తలుపు చట్రముపై అంటించిన పట్టిక ననుసరించి, బరువునకును ఖాళీకిని తగినట్లు చూచుకొనవలయును.

సరుకు పేర్చుటలో ఎడ్లబండి తోలినవారికి చెప్పవలసినది లేదు. బరువు వెనుకకు పోయినచో కాడి లేచి ఎడ్ల గొంతు పట్టుట వారెఱుగుదురు. పికప్ బండికి లేచునది స్టీరింగు. తొట్టి చివర బరువు పడినకొలది ముందుచక్రములు తేలికయై మలుపున చెప్పినట్లు వినవు. రాత్రి దీపము కాంతి ఎదుటివాని కన్నులలో పడును. బరువైన బస్తాలు ముందుగోడకు ఆనించి క్రిందను, తేలికవి వెనుకను పైనను ఉంచవలయును. పట్టీ వేయకయే వెనుకక్రుంగుట కొంత తగ్గుట దీనితోనే కానవచ్చును.

కమాను నిజముగ అలసియున్నచో, విఱిగియున్నచో, అదే బండికి అదే రకమునకు తయారీదారు నిర్ణయించిన కట్టను తెచ్చి రెండువైపులను మార్చవలయును. ఒకవైపు క్రొత్తది, ఒకవైపు పాతది యున్నచో బండి ఓరగ నిలుచును. ఈ పనిని ఇంటివద్ద చేయదలచువారు గట్టి సమనేలను ఎన్నుకొని, ముందుచక్రములకు ముందువెనుకల దిమ్మలు పెట్టి, ఫ్రేము క్రింద ఇనుప స్టాండ్లు నిలుపవలయును. జాకీ ఎత్తుటకే గాని నిలుపుటకు కాదు. జాకీ మీదనో, సిమెంటు ఇటుకల మీదనో నిలిచిన బండి క్రిందికి మనిషి దూరరాదు. ఇరుసు క్రింద వేఱొక జాకీ యుండవలయును. పట్టీల వంపులు ఒకదానికొకటి భిన్నముగ నుండునట్లే తయారు చేయబడినవి. సెంటరు బోల్టు బిగించినప్పుడే అవి ఒకటిగ కూడుకొనును. అనగా విప్పని కట్టలో ఎక్కుపెట్టిన వింటివలె బలము దాగియున్నది. దానికి ఇరువైపుల గట్టి క్లాంపులు వేయకయే సెంటరు బోల్టు విప్పినచో పట్టీలు ఎగిరి చేతిని, ముఖమును తాకును. క్లాంపులు లేనివారు ఈ ఒక్క పనిని వర్కుషాపునకే వదలవలయును.

క్రొత్త కట్ట వేసిన పిమ్మట మొదటి రెండుమూడు ప్రయాణములకు సగము బరువే వేసి, సుమారు 500 కిలోమీటర్లు నడచిన తరువాత యూ బోల్టుల బిగువును మఱల చూడవలయును. క్రొత్త పట్టీలు ఒకదానిపై నొకటి సర్దుకొని బోల్టులు తప్పక కొంత వదులగును. అదే దినమున టేపుతో ఎత్తు కొలిచి పుస్తకమున వ్రాసికొని, బ్రేకు వాల్వు కడ్డీని సరిచూపించుడు.